స్టీరింగ్ ఎందుకు బిగిసిందో తేలడానికి నెల పట్టింది

మా బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఎనభై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. ఇల్లు గుంటూరులో, ఆఫీసు విజయవాడలో కాబట్టి రోజూ దాని మీదే రాకపోకలు. ఏప్రిల్ 16 సాయంత్రం బ్రాడీపేటలో మందుల షాపు ముందు నుంచి రివర్సు తీస్తుంటే స్టీరింగ్ సగం తిరిగి బిగిసిపోయింది. రెండు చేతులతో గుంజితే కదిలింది గానీ భుజాలు లాగేశాయి. మీటరు బోర్డులో పసుపు రంగు స్టీరింగ్ బొమ్మ, పక్కన ఆశ్చర్యార్థకం వెలుగుతున్నాయి. వెనక ఆటో అబ్బాయి హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. ఇంజను ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాను. లైటు పోయింది, స్టీరింగ్ మామూలుగా తిరిగింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన "ఎండలకి అలాగే ఉంటుందిలే" అన్నారు. మర్నాడు పొద్దున కాజ టోల్ గేటు దగ్గర, లైను నెమ్మదిగా కదులుతుంటే, మళ్ళీ అదే లైటు. అక్కడ మాత్రం నిజంగా భయం వేసింది. పక్క లైన్లో లారీ, ముందు బస్సు, స్టీరింగ్ చూస్తే కదలనంటోంది. ఇలాంటిది జరిగినవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. స్టీరింగ్ తిప్పడానికి సాయపడే పవర్ పోయినంత మాత్రాన చక్రాలకీ స్టీరింగ్‌కీ ఉన్న సంబంధం తెగిపోదు. బండి తిరుగుతుంది, మనం బలం పెట్టాలి, అంతే. ఎనభైలో పోతున్నప్పుడు తేడా పెద్దగా తెలియదు కూడా. పార్కింగులో, యూ టర్నులో, టోల్ లైన్లో ప్రాణం తోడేస్తుంది.

మొదట చేసింది ఉచితమైన పని. పెట్రోలు బంకులో గాలి చూపించాను. ముందు టైర్లు రెండిట్లో 22 ఉంది, డోరు దగ్గర స్టిక్కరు మీద 33 అని ఉంది. గాలి పట్టించాక స్టీరింగ్ బాగానే తేలికైంది. హమ్మయ్య అనుకున్నాను. మూడో రోజు మళ్ళీ లైటు. టైర్లలో గాలి తక్కువైతే స్టీరింగ్ బరువెక్కుతుంది గానీ, లైటు రాదు. లైటు వచ్చిందంటే లోపల కంప్యూటర్ ఏదో గమనించి పని ఆపేసిందన్నమాట. ఈ తేడా నాకు చాలా తర్వాత ఒకాయన చెప్పారు.

తర్వాత మా వీధి చివరి మెకానిక్. మనిషి మంచివాడు, మా స్కూటర్లన్నీ ఆయనే చూస్తాడు. "పవర్ స్టీరింగ్ ఆయిల్ తగ్గి ఉంటుందమ్మా, వంద రూపాయల పని" అని బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా కోసం టార్చి వేసి మరీ వెతికాడు. ఎంత వెతికినా లేదు. ఉండదు కూడా, ఎందుకంటే మాది కరెంటు స్టీరింగు. ఆయిలూ పంపూ బెల్టూ ఏవీ ఉండవు, డ్యాష్‌బోర్డు కింద స్టీరింగ్ రాడ్డుకే ఒక మోటారు ఉంటుంది. పెద్ద డీజిల్ బండ్లు నడిపేవాళ్ళకి ఆయిల్ మాట వర్తిస్తుంది. ఆయన నిజాయితీగా "ఇది మన వల్ల కాదు, స్కానింగ్ పెట్టించండి" అని పంపేశాడు, డబ్బు కూడా తీసుకోలేదు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోను చేస్తే ఏప్రిల్ 28కి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. అప్పటిదాకా ఊళ్ళో తప్ప బండి తియ్యకూడదని, ఆఫీసుకి బస్సెక్కాను. ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ సున్నా కాబట్టి ఆ ఖర్చు ఈ లెక్కలో లేదు. నిలబడి వెళ్ళిన కాళ్ళనొప్పులు మాత్రం ఉన్నాయి.

28న పొద్దున బండి ఇచ్చాను. సాయంత్రం ఫోను చేస్తే రేపు రమ్మన్నారు. మర్నాడు వెళితే సర్వీస్ అడ్వైజర్ "ప్రాబ్లమ్ ఏమీ కనబడలేదు మేడమ్, మా డ్రైవర్ రెండు రౌండ్లు వేసి చూశాడు, చాలా స్మూత్‌గా ఉంది" అన్నాడు. పొద్దున చల్లపూట, ఏసీ వెయ్యకుండా, ఖాళీ రోడ్డు మీద రెండు రౌండ్లు వేస్తే ఎందుకు కనబడుతుంది? స్కానింగ్‌కి ఐదు వందలు, పద్దెనిమిది శాతం జీఎస్టీతో 590 తీసుకున్నారు. స్కానింగ్‌లో ఏమొచ్చిందని అడిగితే "పాత కోడ్స్ ఉన్నాయి, ఇరేజ్ చేసేశాం" అన్నాడు. కోడ్స్ అంటే ఏం తేడా వచ్చిందో బండి కంప్యూటర్ దాచుకునే గుర్తులు. అవి ఏవో వాళ్ళు రాసుకోలేదు. ఒళ్ళు మండిపోయింది. దొంగ మీద కంప్లైంటు ఇస్తే వేలిముద్రలు తుడిచిపెట్టి "ఎవరూ లేరు మేడమ్" అన్నట్టుంది. పైగా కదిలిస్తే చాలు "సార్ ఎప్పుడొస్తారు మేడమ్?" అంటాడు. బండి నడిపేది నేను. సార్‌కి లైసెన్సు ఉంది గానీ ట్రాఫిక్ అంటే దణ్ణం పెడతారు.

ఇంటికొచ్చాక అసలు ఇది ఎప్పుడెప్పుడు వస్తోందో కాగితం మీద రాసుకున్నాను. వచ్చినప్పుడల్లా బండి ఆగి ఉంది, లేదా బాగా నెమ్మదిగా పోతోంది. ఏసీ వేసి ఉంది. ఎక్కువగా సాయంత్రం, హెడ్‌లైట్లు కూడా వెలుగుతున్నప్పుడు. పొద్దున పూట వచ్చింది ఒక్క టోల్ గేటు దగ్గరే. ఆ రాత్రి ఇంటి ముందు బండి నిలబెట్టి ఏసీ ఫుల్లు, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటరు, అన్నీ వేసి స్టీరింగ్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పాను. నాలుగోసారికి టక్కున లైటు వచ్చింది. లైట్లు ఒక్క క్షణం డిమ్ అయ్యాయి. మా అబ్బాయి ఫోనులో వీడియో తీస్తూ "అమ్మా, మళ్ళీ చెయ్యి, సరిగ్గా రాలేదు" అన్నాడు. మళ్ళీ చేస్తే మళ్ళీ వచ్చింది. రోగం రప్పించడం చేతనైందంటే సగం పని అయినట్టే.

ఆ వీడియో పట్టుకుని మే 4న సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. ఈసారి అక్కడే, అడ్వైజర్ ఎదుటే లైటు రప్పించాను. స్కానర్ తెచ్చి పెట్టారు, ఈసారి డబ్బు అడగలేదు. అరగంట తర్వాత ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. స్టీరింగ్ కాలమ్ మొత్తం సెట్టు మార్చాలి, అందులోనే మోటారు, మనం ఎంత బలంతో తిప్పుతున్నామో కొలిచే టార్క్ సెన్సరు ఉంటాయి, విడిగా రావు. ముప్పై నాలుగు వేలు, లేబర్ విడిగా. సగం అడ్వాన్సు కడితే పార్టు ఆర్డర్ పెడతారు, రావడానికి రెండు వారాలు. బండికి ఇప్పుడు అమ్మితే వచ్చేదే లక్షన్నర. గుండె గుభేల్‌మంది.

సంతకం పెట్టే ముందు, స్కానర్ తెర ఒకసారి చూపించమని అడిగాను. ఎందుకన్నట్టు చూశాడు గానీ చూపించాడు. ఫోటో తీసుకున్నాను. అందులో రెండు వరసలు ఉన్నాయి. ఒకటి టార్క్ సెన్సరు గురించి, రెండోది సప్లై వోల్టేజి తక్కువ అని. "ఈ రెండోది ఏంటండీ?" అంటే "అది పర్లేదు మేడమ్, కాలమ్ మారిస్తే రెండూ పోతాయి" అన్నాడు. కొత్త కాలమ్ వస్తే వోల్టేజి దానంతటది ఎలా పెరుగుతుందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. వాళ్ళని దొంగలని అననుగానీ, కోడ్ చూసి పార్టు మార్చడమే వాళ్ళ పద్ధతి. ఏ వైరు పాడైందో వెతికే తీరిక అక్కడ ఎవరికీ లేదు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను.

మా ఆఫీసు డ్రైవరు విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ గురించి చెప్పాడు. అందరూ ఆయన్ని భాయ్ అనే పిలుస్తారు. మే 8న వెళ్ళాను. పన్నెండు గంటల ఎండలో రేకుల షెడ్డు, కూర్చోడానికి పాత కారు సీటు. నా ముందు రెండు టాటా ఏస్‌లు ఉన్నాయి, రెండు గంటలు పట్టింది. భాయ్ వీడియో చూశాడు, తెర ఫోటో చూశాడు. మల్టీమీటర్ తెచ్చి బ్యాటరీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. బండి ఆపి ఉన్నప్పుడు 12.3 వోల్టులు ఉన్నది, సెల్ఫ్ కొట్టగానే 8.9కి పడిపోయింది. "పోయిందమ్మా బ్యాటరీ. నాలుగేళ్ళు అయింది కదా? ఈ స్టీరింగ్ మోటారు ఒక్కసారిగా ముప్పై నలభై ఆంపియర్లు లాగుతుంది. కరెంటు చాలకపోతే అది ముందే చేతులెత్తేస్తుంది" అన్నాడు. పాతది ఇచ్చి కొత్త బ్యాటరీ, 4,200. ముప్పై నాలుగు వేల చోట నాలుగు వేలు! మంగళగిరిలో ఆగి చెరుకురసం తాగి మరీ ఇంటికెళ్ళాను.

మర్నాడు సాయంత్రం అరండల్‌పేటలో మళ్ళీ లైటు.

ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ. మా ఆయన "అమ్మేద్దాం" అన్నారు. మా తమ్ముడు ఫోనులో "అక్కా, ముందే చెప్పా కదా, కంపెనీ వాళ్ళ దగ్గర చేయించుకోమని" అన్నాడు. వాడు అలా ఎప్పుడూ చెప్పలేదు. భాయ్‌కి ఫోను చేస్తే మాత్రం విసుక్కోలేదు. "11న పొద్దున్నే తీసుకురండి, చూద్దాం" అన్నాడు.

ఆ పొద్దున ఆయన చేసిన పరీక్ష చూడాలి. ఇంజను స్టార్ట్ చేసి బ్యాటరీ మీద చూస్తే 14.1. ఛార్జింగు బాగానే ఉంది. తర్వాత మీటరు నల్ల వైరు బ్యాటరీ మైనస్ బుడిపె మీద, ఎర్ర వైరు బండి బాడీ మీద బోల్టుకి ఆనించాడు. రెండూ మైనస్సే కదా, ఏం చూస్తున్నాడా అనుకున్నాను. మీటరు దాదాపు సున్నా చూపించింది. "ఇప్పుడు తిప్పమ్మా, చివరిదాకా తిప్పి పట్టుకో" అన్నాడు. తిప్పగానే అంకె లేచింది. 0.4, 0.7, 0.9. స్టీరింగ్ వదిలేస్తే మళ్ళీ కిందికి. "చూశావా, దారిలోనే వోల్టు దాకా తినేస్తోంది. బ్యాటరీ మైనస్‌ని బాడీకి కలిపే ఎర్త్ వైరు మంచిదైతే ఇంత లోడు పెట్టినా పాయింట్ టూ దాటకూడదు. బ్యాటరీ కొత్తదైతే ఏం లాభం, తిరిగొచ్చే దారి బాగోలేదు" అన్నాడు. ఊరికే ఉన్నప్పుడు ఎన్నిసార్లు కొలిచినా ఇది దొరకదట. లోడు మీద ఉన్నప్పుడే పట్టుకోవాలి. ఇందాకటి నుంచి ఆయన నన్ను నువ్వు అంటున్నాడని అప్పుడు గమనించాను. నాకు హాయిగానే అనిపించింది.

బ్యాటరీ తీసి, దాని కింద ట్రే విప్పాడు. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తెల్లగా, ఆకుపచ్చగా పొక్కులు పొక్కులుగా పొడి. పాత బ్యాటరీ యాసిడ్ కారి కారి కింద చేరింది. బోల్టు రాలేదు. కిరసనాయిలు పోసి పావుగంట వదిలి, రెంచీతో కొట్టి కొట్టి తిప్పితే కిర్రుమంటూ వచ్చింది. పైన ప్లాస్టిక్ తొడుగు నున్నగా కొత్తదానిలా ఉంది. బ్లేడుతో కోసి చూపిస్తే లోపలి రాగి తీగలు నల్లబడి, సగం విరిగిపోయి ఉన్నాయి. వేలితో ఇటూ అటూ వంచితే లగ్గు దగ్గర, అంటే బోల్టుకి తగిలించే కొస బిళ్ళ దగ్గర, పుటుక్కున ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. లావుపాటి కొత్త వైరు కొలిచి కోసి, రాగి లగ్గులు నొక్కి, బాడీ మీద ఎమెరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించాడు. పైన గ్రీజు పూశాడు. వైరు 350, కూలీ 300. మళ్ళీ అదే పరీక్ష పెడితే ఎంత తిప్పినా 0.1 దాటలేదు.

బ్యాటరీ అనవసరంగా మార్పించాడా అని అడిగేవాళ్ళుంటారు. సెల్ఫ్‌కి 8.9కి పడిపోయేది వర్షాకాలం చూసేది కాదు. కానీ ఎర్త్ ముందే చూసి ఉంటే నాకు ఒక సెలవు, ఆ రాత్రి నిద్ర మిగిలేవి.

అక్కడితో అయిపోయిందనుకుంటే కాలేదు. లైటు రావడం ఆగింది, నిజమే. స్టీరింగ్ బరువు మాత్రం పూర్తిగా పోలేదు. మలుపు తిరిగాక చెయ్యి వదిలితే చక్రం దానంతటది మధ్యకి రావాలి కదా, రావడం లేదు, మనమే తెచ్చుకోవాలి. ఎడమకి తిప్పుతుంటే ముందు వైపు నుంచి టంగ్ అని స్ప్రింగు శబ్దం. ఇదివరకూ ఉందేమో, లైటు గోలలో పట్టించుకోలేదు. భాయ్ ఒకసారి తిప్పి చూసి "కరెంటు పని అయిపోయింది. ఇది సస్పెన్షన్ వాళ్ళది" అన్నాడు.

అదే ఆటోనగర్‌లో ఆయన చెప్పిన షెడ్డుకి వెళ్ళేలోపు ఇంకొకాయన ఆపి, స్టీరింగ్ తిప్పి చూసి, "కాలమ్ పోయింది మేడమ్. స్క్రాప్ బండిది ఉంది, తొమ్మిది వేలకి వేసేస్తా, వారం గ్యారంటీ" అన్నాడు. వారం! ఆటోనగర్‌లో అందరూ భాయ్‌లు కారు. ఏ పరీక్ష చేసి పోయిందన్నారని అడిగితే "ఇరవై ఏళ్ళ అనుభవం మేడమ్" అన్నాడు.

మే 14న సస్పెన్షన్ మెకానిక్ ముందు రెండు చక్రాలూ జాకీ మీద గాల్లోకి లేపి, కింద స్టాండ్లు పెట్టాడు. ఇంజను స్టార్ట్ చెయ్యకుండా, తాళంచెవి తిప్పి స్టీరింగ్ లాకు మాత్రం వదిలించి, చేత్తో తిప్పమన్నాడు. చక్రాలు నేలకి తగలడం లేదు కాబట్టి తేలిగ్గా తిరగాలి. మోటారు గేరు కూడా తిరగాలి కనుక కొంచెం బరువుంటుంది గానీ అంతటా ఒకేలా ఉండాలట. మాది ఎడమకి పోతున్నప్పుడు ఒకచోట పట్టేసి, కొంచెం బలం పెడితే గంతేసినట్టు వదులుతోంది. లోపల స్టీరింగ్ రాడ్డు జాయింటు చూశాడు, బాగానే ఉంది. తర్వాత నన్ను తిప్పమని, తను ఎడమ చక్రం పైన స్ప్రింగు మీద అరచెయ్యి పెట్టాడు. "మీరూ పెట్టి చూడండి" అని పిల్లాణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాడు. పెట్టాను. చక్రం తిరుగుతుంటే స్ప్రింగు దాంతోపాటు తిరగకుండా మెలిపడి, మెలిపడి, చివర్లో చేతికింద ఒక్క ఉదుటున జారింది. అదే ఆ టంగ్ శబ్దం. పైన షాక్ అబ్జార్బర్ మౌంటులో ఉండే బేరింగు పోయింది.

రెండు వైపులా మార్చారు. సామాను 1,900, లేబర్ 1,500. సామాను అక్కడ దొరక్క మర్నాటికి తెప్పించారు, బండి రెండు రాత్రులు షెడ్డులోనే. కుడిది ఫరవాలేదు. ఎడమ బేరింగు విప్పగానే గ్రీజు అన్నదే లేదు, ఎర్రటి తుప్పు పొడి రాలింది. లోపలి గుండ్లని పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం ముక్కలైపోయింది.

అప్పుడు అర్థమైంది మొత్తం కథ. మెకానిక్కే వివరంగా చెప్పాడు. బేరింగు పట్టేస్తుంటే స్టీరింగ్ మోటారు మామూలుకంటే ఎక్కువ కష్టపడాలి, ఎక్కువ కరెంటు లాగాలి. ఆ కరెంటు కుళ్ళిన ఎర్త్ వైరు గుండా పోవాలి. ఏసీ, లైట్లు వేసి ఉంటే వోల్టేజి ఇంకా పడుతుంది, కంప్యూటర్ బెదిరి మోటారు ఆపేస్తుంది. టైర్లలో గాలి తక్కువైనప్పుడు అందుకే తరచూ వచ్చింది. విడివిడిగా ఉంటే ఏదో ఒకటి కొన్నాళ్ళు కనబడకుండా నెట్టుకొచ్చేది. ముప్పై నాలుగు వేలు పోసి కాలమ్ మార్చి ఉంటే కొత్త మోటారు కూడా అదే వైరు మీద, అదే బేరింగుతో కుస్తీ పట్టేది.

పనిలో పనిగా ఒక మాట. రోగం రప్పించడానికి నేను చేసినట్టు స్టీరింగ్ చివర నుంచి చివరికి తిప్పేటప్పుడు నాలుగైదు సార్లతో ఆపండి. అదేపనిగా తిప్పుతుంటే మోటారు వేడెక్కి, కాలిపోకుండా తనే బలం తగ్గించుకుంటుంది. అది జబ్బు కాదు. అది చూసి కూడా కాలమ్ పోయిందనేవాళ్ళుంటారని భాయ్ చెప్పాడు. అలాగే ఐదారు వందలకి దొరికే బ్లూటూత్ స్కానర్ మా తమ్ముడు తెచ్చి పెట్టాడు, అది ఇంజను కోడ్లే చదివింది. స్టీరింగ్ కంప్యూటర్ దానికి కనబడనే లేదు.

మౌంట్లు విప్పాక చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి. అది 500. చేయించుకుని వస్తుంటే హైవే మీద బండి తిన్నగా పోతోంది గానీ స్టీరింగ్ కొద్దిగా కుడికి వంగి ఉంది. వెనక్కి వెళితే డబ్బు తీసుకోకుండా సరిచేశారు. పాత కోడ్లు చెరిపించడానికి భాయ్ దగ్గర 300. చెరిపేముందు ఫోటో తీసి ఇచ్చాడు, అడగకుండానే. అన్నీ కలిపి 9,640 అయింది, అందులో సింహభాగం బ్యాటరీది.

మే 19 నుంచి మళ్ళీ ఆఫీసుకి బండి మీదే వెళుతున్నాను. లైటు రాలేదు. సర్వీస్ సెంటర్ నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది, కాలమ్ ఆర్డర్ పెట్టమంటారా అని. రెండోసారి ఎర్త్ వైరు సంగతి చెప్పాను. అటువైపు అమ్మాయి "ఓకే మేడమ్, నోట్ చేసుకున్నాను, సార్‌తో ఒకసారి మాట్లాడొచ్చా?" అంది.